రోజు నిడివి: విశాఖ కొండ చెప్పిన కాలం

విశాఖపట్నం రేవు ముఖద్వారం పక్కన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన యారాడ కొండ కొమ్మే డాల్ఫిన్స్ నోస్. పందొమ్మిదో శతాబ్దంలో ఊరివాళ్లూ ఓడలవాళ్లూ ఆ కొమ్ము మీది జెండా కర్రపై ఇచ్చే కాల సంకేతాన్ని చూసి గడియారాలు సరిచేసుకునేవారు. దాన్ని నిలబెట్టింది గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు. మద్రాసు అబ్జర్వేటరీలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, 1840లో విశాఖలోని డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల కట్టుకున్నారు.

అప్పటి వేధశాలలన్నిటికీ అసలు గడియారం భూమే. నడినెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే గీతను ఒక చుక్క ఈ రాత్రి దాటి, మళ్లీ దాటేసరికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది. లోలకం గడియారాన్ని దానితోనే దిద్దేవారు. 1856లో జగ్గారావు మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ పని కొనసాగించారు. 1868 సంపూర్ణ సూర్యగ్రహణాన్నీ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు సాగడాన్నీ పరిశీలించారు.

అయితే భూమి అనే ఆ గడియారం క్రమంగా నెమ్మదిస్తోంది. కారణం డాల్ఫిన్స్ నోస్ కింది సముద్రంలోనే ఉంది.

ఫిషింగ్ హార్బర్‌లో కట్టేసిన బోటు తాడు పాటుకు బిగుసుకుంటుంది, పోటుకు వదులవుతుంది. విశాఖలో ఇది రోజుకు రెండుసార్లు. పున్నమి, అమావాస్యలకు నీటిమట్టంలో తేడా ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది. ప్రపంచమంతటా ఇలా కదిలే నీరు సముద్రపు అడుగును రాసుకుంటూ భూభ్రమణానికి బ్రేకు వేస్తుంది. 1754లోనే జర్మన్ తత్వవేత్త కాంట్ ఈ సంగతి ఊహించాడు. భూమి కోల్పోయిన భ్రమణపు ఊపు (కోణీయ ద్రవ్యవేగం) చంద్రుడికి చేరి, అతడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు. పాత గ్రహణాల లెక్క ప్రకారం రోజు నిడివి శతాబ్దానికి సుమారు 1.7 మిల్లీసెకన్లు పెరుగుతోంది. దాదాపు 40 కోట్ల ఏళ్ల నాటి పగడాల శిలాజాల మీద రోజుకొకటిగా ఏర్పడిన సన్నని గీతలను 1963లో లెక్కపెట్టిన పురాజీవ శాస్త్రవేత్త జాన్ వెల్స్‌కు, అప్పటి ఏడాదిలో సుమారు 400 రోజులు తేలాయి.

పెరుగుదల ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని సునామీతో ముంచిన సుమత్రా భూకంపం వల్ల రోజు 2.68 మైక్రోసెకన్లు తగ్గి ఉంటుందని నాసా శాస్త్రవేత్తలు లెక్కగట్టారు.

ఇప్పుడు కాలాన్ని కొలిచేవి అణు గడియారాలు. వాటిని భూమితో కలిపి ఉంచడానికి 1972 నుంచి 27 లీపు సెకన్లు (అప్పుడప్పుడు అదనంగా కలిపే ఒక్కో సెకను) చేర్చారు. చివరిది మన లెక్కలో 2017 జనవరి 1 తెల్లవారుజామున 5 గంటల 29 నిమిషాల 59 సెకన్ల తర్వాత చేరింది. 2035 నాటికి ఈ పద్ధతిని మార్చాలని 2022లో ప్రపంచ దేశాలు తీర్మానించాయి.

ఈ చరిత్రలో జగ్గారావు, నరసింగరావులకు దక్కాల్సిన చోటు సొంత ఊళ్లోనే ఇంకా దక్కలేదు.