ఆంగ్ల సిద్ధాంత గ్రంథాల ప్రూఫ్ రీడింగు

మాతృభాష ఆంగ్లము కాని విద్యార్థులు, పరిశోధకులు ఆంగ్లములో రాసిన సిద్ధాంత గ్రంథాలను, వ్యాసాలను సమర్పణకు ముందు చదివి భాషాదోషాలను సవరించడాన్ని ప్రూఫ్ రీడింగు అంటారు. ముద్రణారంగములో ఈ మాటకు అచ్చుప్రతిని మూలప్రతితో సరిచూసి తప్పులు దిద్దుట అని అర్థము. విద్యారంగములో వాక్యాల సవరణ కూడా దీనిలో చేరినది. దోషము పోవాలి, రచయిత చెప్పిన విషయము మారకూడదు అన్నది దీని మూలసూత్రము.

నేపథ్యము

హైదరాబాదులో 1918లో స్థాపించబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయములో మొదట బోధన ఉర్దూలో జరిగేది. 1948 తరువాత బోధనాభాష ఆంగ్లమునకు మారినది. 1958లో ఇదే నగరములో ఏర్పడిన కేంద్ర ఆంగ్ల సంస్థ 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకొని సీఫెల్‌గాను, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయ హోదా పొంది ఇఫ్లూగాను మారినది.

శంషాబాదు నుండి నగరానికి వచ్చే దారిలోని రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయము, భారతీయ వరి పరిశోధనా సంస్థ ఉన్నవి. ఈ ప్రాంతపు పరిశోధకులు రైతులతో తెలుగులో మాట్లాడి సేకరించిన వివరాలను కూడా ఆంగ్లములోనే గ్రంథస్థము చేయవలసి ఉంటుంది. అందువలన ఇక్కడ ప్రూఫ్ రీడింగు అక్షరదోషాలకే పరిమితము కాదు.

తరచుగా కనిపించే దోషాలు

తెలుగువారి ఆంగ్లములోని అనేక దోషాలకు తెలుగు వాక్యనిర్మాణమే కారణము.

* ఉపపదాలు: తెలుగులో "ఎ", "ది" వంటి ఉపపదాలు లేవు. అవసరమైన చోట అవి లోపిస్తాయి, అవసరము లేని చోట చేరుతాయి.
* వచనము: "పరిశోధనలు", "పరికరాలు" అనే అలవాటుతో "రిసెర్చెస్", "ఈక్విప్‌మెంట్స్" అని రాస్తారు. ప్రామాణిక రచనలో ఇవి సాధారణంగా ఏకవచనములోనే ఉంటాయి.
* విభక్తి: "దాని గురించి చర్చించాము" అన్న వాక్యము "డిస్కస్డ్ అబౌట్" అవుతుంది. ఇక్కడ "అబౌట్" అక్కరలేదు.
* కాలము: "రెండేళ్ళుగా" అనే అర్థములో "ఫర్ టు ఇయర్స్"కు బదులు "సిన్స్ టు ఇయర్స్" అని రాస్తారు.

దిద్దకూడనివి

విషయము తెలియని ప్రూఫ్ రీడరు చేసే దిద్దుబాటు ఒక్కొక్కసారి కొత్త తప్పునకు దారితీస్తుంది. గణాంకశాస్త్రములో "సిగ్నిఫికెంట్" ఒక పారిభాషిక పదము. శైలి కోసము దానిని "ఇంపార్టెంట్"గా మారిస్తే అర్థమే మారిపోతుంది. "మే కాజ్" అన్నది అవకాశాన్ని తెలుపుతుంది, "కాజెస్" అన్నది నిర్ధారణను తెలుపుతుంది. ఆ ఒక్క మార్పుతో పరిశోధకుడు చేయని వాదన అతనికి అంటగట్టబడుతుంది.

తెలంగాణలోని ఎర్ర ఇసుక నేలలకు వాడే "చల్కా" అన్న మాట అక్షరదోషము కాదు. సాంబ మసూరి వరి రకము సంఖ్య బీపీటీ 5204లో ఒక్క అంకె మారినా వేరే రకాన్ని పేర్కొన్నట్లవుతుంది. 12,50,000 అనే సంఖ్యను అంతర్జాతీయ పత్రికకు పంపునప్పుడు 1,250,000గా రాయవచ్చును, అయితే వ్యాసమంతటా ఒకే పద్ధతి పాటించాలి. గుంటలలో ఉన్న విస్తీర్ణానికి 40 గుంటలు ఒక ఎకరము అన్న వివరణ చేర్చమని రచయితకు సూచించాలి. సందేహము కలిగినచోట దిద్దక, పక్కన ప్రశ్న రాసి రచయితకు వదలడము ఉత్తమము. వర్డ్‌లోని ట్రాక్ చేంజెస్ సౌకర్యము వలన ప్రతి మార్పును రచయిత చూసి అంగీకరించవచ్చును, తిరస్కరించవచ్చును.

నైతిక నియమాలు

వాక్యాన్ని సవరించుట సహాయము. వాదనను, విశ్లేషణను, నిర్ధారణలను సమకూర్చుట రచన. రెండవ పని ఇతరులు చేస్తే పట్టము పొందే అర్హతే ప్రశ్నార్థకమవుతుంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లో గ్రంథచౌర్య నిరోధక నిబంధనలను ప్రకటించినది. వీటి ప్రకారము 10 శాతము వరకు పోలికకు శిక్ష లేదు, ఆపై 40, 60 శాతముల వద్ద శిక్ష తీవ్రత పెరుగుతుంది. పోలిక శాతాన్ని తగ్గించుటకై మాటలు మార్చిపెట్టుట ప్రూఫ్ రీడింగు కాదు.

వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ సంఘము సిఫారసుల ప్రకారము ప్రూఫ్ రీడింగు మాత్రమే చేసినవారు సహరచయితలు కారు, వారిని కృతజ్ఞతలలో పేర్కొనవచ్చును. 2022 నవంబరులో చాట్‌జీపీటీ విడుదలైన తరువాత, కృత్రిమ మేధను రచయితగా చూపరాదని, దాని సహాయము తీసుకుంటే తెలపాలని ఈ సంఘము 2023లో చేర్చినది. దిద్దినవారు ఎవరైనను తుది ప్రతికి బాధ్యత రచయితదే.

ఇవి కూడా చూడండి

* గ్రంథచౌర్యము
* ఉస్మానియా విశ్వవిద్యాలయము
* ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయము
* రాజేంద్రనగర్