విద్యుత్ సూపర్‌చార్జరు: శక్తి పెరుగుట నిజమేనా?

కొలిమితిత్తి ఊదినకొలది నిప్పు రాజుకొనును. ఇంజను సంగతియు అంతే. అది తనంత తాను పీల్చు గాలికి హద్దున్నది; గాలిని బలవంతముగా నెట్టినచో ఇంధనమును ఎక్కువగా మండింపవచ్చును. అట్లు నెట్టు సాధనమునకు జర్మనీలో డైమ్లరు 1885లోనే పేటెంటు పొందెను. 1921లో బెర్లిను ప్రదర్శనకు వచ్చిన మెర్సిడెస్ కార్లలో సూపర్‌చార్జరును ఇంజనే త్రిప్పెడిది. దానికై కొంత శక్తి ఖర్చగును గదా! వ్యర్థముగా పోవు పొగతోనే త్రిప్పవచ్చునని స్విట్జర్లాండు ఇంజనీరు బూషి 1905లోనే పేటెంటు తీసికొనియుండెను. అదియే టర్బోచార్జరు. కాని యాక్సిలరేటరు త్రొక్కిన క్షణమున పొగ చాలదు. కొంత జాగు తప్పదు.

మరి విద్యుత్ మోటారుతో త్రిప్పరాదా? 12 వోల్టుల బ్యాటరీతో తిరుగు చిన్న పంకాలను ఈ పేరుతోనే అమ్ముచున్నారు. లెక్కవేసి చూతము. 2 లీటర్ల ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునపుడు సెకనుకు సుమారు 100 లీటర్ల గాలిని పీల్చును. దానిని ఒకటిన్నర రెట్ల పీడనముతో అందించుటకు దాదాపు 8 కిలోవాట్లు కావలెను. అనగా బ్యాటరీనుండి 650 ఆంపియర్లకు పైగా లాగవలెను! కొన్ని వందల వాట్ల పంకాకు అది అసాధ్యము. పైగా గాలిదారికి అడ్డై, ఉన్న శక్తిని తగ్గించినను తగ్గించును.

ఊహ మాత్రము తప్పు కాదు. 2016లో ఆడి సంస్థ ఎస్‌క్యూ7 డీజిలు కారులో 48 వోల్టుల విద్యుత్తుతో 7 కిలోవాట్ల కంప్రెసరును అమర్చెను. అది పావు సెకనులోపలనే నిమిషమునకు 70,000 చుట్ల వేగమందుకొనును. టర్బోచార్జర్లు ఊపందుకొనువరకు గాలినందించి తప్పుకొనును.