102 గోత్రాల ఊరు

రాయలసీమలో ఇంకో పెనుకొండ ఉంది. 1565లో రక్కసి తంగడి దగ్గర విజయనగరం కూలాక రాజధాని అక్కడికే తరలింది. అక్కడికి వెళ్లినవాడు దుఃఖపడాలనుకుంటే కావలసినంత సామగ్రి ఉంది. కొండమీద కోటగోడలు, విరిగిన బురుజులు, కొండ కింద గగనమహల్ అన్నీ చేత్తో తాకి చూడొచ్చు. పశ్చిమ గోదావరి పెనుగొండలో ఆ సదుపాయం లేదు. సిద్ధాంతం దగ్గర హైవే దిగి మార్టేరు, పాలకొల్లు వైపు వెళ్లే బస్సెక్కితే దారిలో తగిలే మండల కేంద్రం ఇది. బస్టాండు, కిరాణా కొట్లు, ఎరువుల దుకాణాలు, రోడ్డుకు రెండు పక్కలా సార్వాకో దాళ్వాకో దమ్ము చేసిన చేలు, గట్ల మీద కొబ్బరి చెట్లు. వశిష్ఠ గోదావరి మోసుకొచ్చి పోసిన ఒండ్రు నేల. ఇక్కడ పాతకాలం గోడ ఏది కట్టినా వరదో నాగలో మింగేసి ఉంటుంది. అందుకే ఈ ఊరు పడిపోయిన సంగతి చెప్పాలంటే చూపించడానికి శిథిలాలు లేవు. చెప్పడానికి కథ ఒక్కటే ఉంది.

కథ ప్రకారం పెనుగొండ ఒకప్పుడు 18 పట్టణాలకు పెద్ద. వేంగి చాళుక్యుల ఏలుబడి కింద, వైశ్య ప్రభువు కుసుమశ్రేష్ఠి అధికారంలో ఉండేది. గోదావరి పాయ పక్కనే ఉంది కాబట్టి సరుకు పడవల మీద వచ్చేది, పడవల మీద పోయేది. సెట్టికీ భార్య కుసుమాంబకూ చాలాకాలం పిల్లలు లేరు. యాగం చేశాక కవలలు పుట్టారు. కొడుకు విరూపాక్షుడు, కూతురు వాసవి. కొడుకు వ్యవహారాలు నేర్చుకున్నాడు, కూతురు శాస్త్రాలూ సంగీతమూ నేర్చుకుంది. కులగురువు భాస్కరాచార్యుడు. ఇంతవరకూ ఏ కలిగిన ఇంటి కథైనా ఇలాగే ఉంటుంది.

ఆ తర్వాత రాజు వచ్చాడు. విష్ణువర్ధనుడు జైత్రయాత్ర ముగించుకుని తిరిగి వెళుతూ పెనుగొండలో ఆగాడు. సెట్టి ఘనంగా స్వాగతం ఏర్పాటు చేశాడు. చేయకపోతే కుదరదు కూడా. మంగళవాద్యాలు, హారతులు, వీధుల్లో జనం. ఆ జనంలో వాసవిని రాజు చూశాడు. పిల్లను తనకిచ్చి పెళ్లి చేయమని కబురు పంపాడు. రాజుకు అప్పటికే పట్టపురాణి ఉంది, వయసులో పెద్దవాడు, కులం వేరు. కాదనలేని మనిషి దగ్గరనుంచి వచ్చిన కబురు కాబట్టి సెట్టి వెంటనే కాదనలేదు. ఆలోచించుకుని చెబుతామని గడువు అడిగాడు. వ్యాపారంలో ఇది తెలిసిన పద్ధతే. బేరం నచ్చనప్పుడు వద్దు అనకుండా రేపు చెబుతామంటారు. ఆ రేపటి లోపల ఏదో ఒక దారి దొరుకుతుందని ఆశ.

పెనుగొండ కథలో అగ్నిగుండాల గురించే అందరూ చెబుతారు. నాకు మాత్రం అంతకు ముందు నగరేశ్వరాలయంలో జరిగిన పెద్దల సభే ఈ విషాదానికి గుండెకాయ అనిపిస్తుంది. 18 పట్టణాల పెద్దలూ వచ్చారు. 714 గోత్రాలవాళ్లు కూర్చున్నారు. పిల్లనివ్వాలా వద్దా అన్నది ప్రశ్న. ముందు వాసవినే అడిగారని, తనకు పెళ్లే అక్కర్లేదని ఆమె చెప్పిందని కథ. అక్కడితో విషయం తేలిపోవాలి. తేలలేదు. రాజుతో వియ్యమందడం ఊరికి మంచిదే కదా అన్నారు కొందరు. కాదంటే సైన్యం వస్తుందన్నారు ఇంకొందరు. పడవలు రాజువి, రేవుల మీద సుంకం రాజుది, దారుల మీద కాపలా రాజుది. వర్తకుడికి రాజుతో వైరం అంటే దుకాణం ఒక్కటే పోవడం కాదు, దారి మొత్తం మూసుకుపోవడం. ఈ మాట అన్నవాళ్లను పురాణం పిరికిపందలుగా చూపిస్తుంది. నేను ఆ మాట అనలేను. వాళ్లకూ ఇళ్లున్నాయి, పిల్లలున్నారు. వాళ్లు తప్పు లెక్క వేయలేదు. కాకపోతే వేరొకరి కూతురిని ఆ లెక్కలో ఒక అంకెగా పెట్టారు.

చివరికి 102 గోత్రాలవాళ్లు ఇవ్వకూడదన్నారు. తక్కిన 612 గోత్రాలవాళ్లు వాళ్లతో ఏకీభవించలేదు. చాలామంది రాత్రికి రాత్రే బండ్లు కట్టి ఊరు విడిచారని చెబుతారు. పెనుగొండ పడిపోయిందంటే ఆ రాత్రే పడిపోయింది. రాజు సైన్యం ఇంకా పొలిమేర చేరనే లేదు.

మిగిలినవాళ్లు యుద్ధానికి దిగలేదు. వాళ్ల దగ్గర తరాజులున్నాయి గాని కత్తులు లేవు. ఉన్నా గెలిచేది లేదు. తన కోసం ఊళ్లో నెత్తురు పారకూడదని వాసవి అన్నదట. 103 గుండాలు సిద్ధం చేశారు. 102 గోత్రాల నుంచి ఒక్కో దంపతుల జంట ముందుకు వచ్చింది. పిల్లలను బంధువులకు అప్పగించి, ఇంటి దీపం చూసుకొమ్మని చెప్పి వచ్చారు. గోత్రం నిలవాలంటే పిల్లలు మిగలాలి. ఆ ఒక్క వివరం ఈ కథను పురాణం నుంచి నేలమీదికి తెస్తుంది. తాళాలు ఎవరికిచ్చారో, బాకీల చిట్టా ఎవరి చేతిలో పెట్టారో, పసిపిల్లలను ఏ పిన్ని ఒళ్లో కూర్చోబెట్టి వచ్చారో కథ చెప్పదు. అది దేవతను గురించిన కథ. ఆ మాటలు చెప్పాల్సిన అవసరం దానికి లేదు.

వాసవి ఆదిపరాశక్తి అవతారంగా తన రూపం చూపించి గుండంలో దిగింది. వెనకే జంటలన్నీ దిగాయి. పొలిమేరలో ఈ వార్త విన్న విష్ణువర్ధనుడు కూలిపోయాడు. తల పగిలిందంటారు కొందరు, గుండె ఆగిందంటారు కొందరు. ఆయన కొడుకు రాజరాజనరేంద్రుడు వచ్చి పశ్చాత్తాపపడ్డాడని, విరూపాక్షుడు తండ్రి స్థానంలో నిలబడి అక్కకు గుడి కట్టించాడని కథ ముగుస్తుంది. వాసవి అక్కో చెల్లెలో అంటూ చెప్పేవాళ్లు తగువు పడుతుంటారు. కవలలు కాబట్టి ఆ తగువు తెగదు.

ఇది చరిత్రేనా అని అడిగేవాళ్లకు సూటి సమాధానం దొరకదు. కథంతా వచ్చింది కన్యకా పురాణం నుంచి. విష్ణువర్ధనుడన్నది వేంగి చాళుక్యుల్లో ఒక్కరి పేరు కాదు. ఏడో శతాబ్దపు కుబ్జ విష్ణువర్ధనుడి నుంచి చాలామంది రాజులు పెట్టుకున్న బిరుదు. రాజరాజనరేంద్రుడి తండ్రి విమలాదిత్యుడే ఆ రాజని చెప్పేవాళ్లు ఉన్నారు. అదే నిజమైతే ఇది పదకొండో శతాబ్దం తొలినాళ్ల సంగతి. ఆ లెక్కన చూస్తే ఒక విడ్డూరం కనిపిస్తుంది. అదే రాజరాజనరేంద్రుడి కొలువులో, రాజమహేంద్రవరంలో, నన్నయ తెలుగు భారతం మొదలుపెట్టాడు. ఆయన రాసినవాటిలో సభాపర్వం ఉంది. నిండు సభలో ఒక స్త్రీ అడిగిన ప్రశ్నకు పెద్దలెవరూ జవాబు చెప్పలేక తలలు వంచుకున్న ఘట్టం అందులోదే. ఆ పద్యాలు వింటున్న రాజుకు పెనుగొండ గుర్తొచ్చిందా? ఇది నా ఊహ మాత్రమే. కానీ గోదావరి గట్టున కూర్చుని ఆ ఊహ చేయకుండా ఉండటం కష్టం.

తర్వాతి శతాబ్దాలను గబగబా దాటేయొచ్చు. రాజ్యాలు మారాయి. పాలకొల్లుకు, నరసాపురం రేవుకు డచ్చివాళ్లు వచ్చారు, బట్టల వ్యాపారం అటు జరిగిపోయింది. 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పని మొదలుపెట్టి 1852 నాటికి పూర్తి చేశాక డెల్టా అంతా వరి పండింది. పక్కనే మార్టేరులో 1925లో వరి పరిశోధన కేంద్రం వచ్చింది. స్వర్ణ రకం అక్కడినుంచే దేశమంతా పాకింది. ఆ 1925లోనే కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది. పెనుగొండకు తిండికి లోటు లేకుండా పోయింది, పెద్దరికం మాత్రం తిరిగి రాలేదు. 18 పట్టణాలకు పెద్దగా కథలో నిలిచిన ఊరికి 2008 పునర్విభజనలో సొంత అసెంబ్లీ నియోజకవర్గం కూడా పోయింది. ఇప్పుడు ఓటు వేసేది ఆచంటకు. 2022లో జిల్లా కేంద్రం ఏలూరు నుంచి భీమవరానికి మారింది గాని పెనుగొండకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఈ ఊరి జనాభా ఎంత అని జనగణన పుస్తకం తిరగేస్తే ఒక అంకె దొరుకుతుంది. ఆ అంకెతో నాకు తృప్తి లేదు. పెనుగొండ జనం పెనుగొండలో లేరు. మద్రాసులో కొత్తవాల్ చావడి బజారు పక్కన, వాసవికే మరో పేరైన కన్యకాపరమేశ్వరి దేవస్థానం ఉంది, బెంగళూరు మల్లేశ్వరంలో గుడి ఉంది, హైదరాబాద్ ఇబ్రహీంబాగ్‌లో వాసవి పేరుతో ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, తాడేపల్లిగూడెం దగ్గర ఇంకొకటి ఉంది. తెలుగు నేల మీద ఏ చిన్న పట్టణానికి వెళ్లినా బజారు వీధిలో అమ్మవారి గుడో సత్రమో కనిపిస్తుంది. అమెరికాలో స్థిరపడ్డవాళ్లు అక్కడా సంఘాలు పెట్టుకున్నారు. పూజకు కూర్చున్నప్పుడు పురోహితుడు గోత్రం అడుగుతాడు. ఇంగ్లీషులో చదివి ఇంగ్లీషులో ఉద్యోగం చేసే కుర్రాడు తండ్రి వైపు చూసి, ఆయన అందించిన పేరు తడబడుతూ పలుకుతాడు. ఆ 102 పేర్లలో ఒకటి. ఆ రాత్రి ఎవరి ఒళ్లోనో వదిలి వెళ్లిన పిల్లల వరస అక్కడిదాకా వచ్చింది. మేనరికం విషయంలో పాతతరం వైశ్య కుటుంబాలు పట్టిన పట్టుకు కూడా ఈ కథనే మూలంగా చెప్పుకునేవాళ్లు ఉన్నారు. బయటి సంబంధం ఒకసారి ఇంత పని చేశాక లోపలివాళ్లే లోపలివాళ్లను చేసుకోవాలన్న భయం పట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఊళ్లో నగరేశ్వర, మహిషాసురమర్దని, వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయం ఉంది. వాసవీ శాంతిధామంలో 90 అడుగుల పంచలోహ విగ్రహం 2019లో నిలబెట్టారు. వైశాఖ శుద్ధ దశమి నాడు జయంతి, మాఘ శుద్ధ విదియ నాడు ఆత్మార్పణ దినం. 2025 జనవరి 31న ఆత్మార్పణ దినాన్ని ప్రభుత్వం రాష్ట్ర పండుగగా చేసింది. ముఖ్యమంత్రి వచ్చి అమ్మవారికి పట్టువస్త్రాలు సమర్పించారు. రాజ్యం ఏలే మనిషి పెనుగొండకు వచ్చి ఏమీ అడగకుండా ఇచ్చి వెళ్లడం ఆ కథ తెలిసినవాళ్లు గమనించే ఉంటారు.

612 గోత్రాల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఊరు విడిచి వాళ్లు ఎటు పోయారో, ఏ పట్టణాల్లో మళ్లీ తరాజు పట్టారో చెప్పే గుడి లేదు. వైశ్యుల్లో కళింగులు, త్రైవర్ణికులు వేరు శాఖలుగా విడిపోవడానికి ఆ సభే కారణమనే వాడుక ఒకటి ఉంది. ఎంతవరకు నిజమో గాని, నిజమే అయితే వాళ్లూ ఆ ఊరివాళ్లే. వాళ్లు పారిపోయింది మంట నుంచే కాదు, ఇరుగుపొరుగు ముఖాల నుంచి కూడా. 102 పేర్లు చదివే పూజల్లో వాళ్లకు చోటు లేదు, తిరిగి రమ్మని పిలిచినవాళ్లు కూడా లేరు.