గోదావరి మోటారు పడవలు – వాటిని చేసిన చేతులు

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కాటన్ దొరగారి గురించీ, డొక్కా సీతమ్మగారి గురించీ నాకంటె బాగా రాయగల మిత్రులు మన సంఘంలో ఉన్నారు. నేను సర్వీసులో చాలా ఏళ్లు పడవల లైసెన్సు కాగితాల మధ్య గడిపినవాణ్ణి కనుక ఆ దారినే పోతాను. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, నడుమ వైనతేయ, దిగువన సముద్రం. వంతెనలు రాకముందు కోనసీమలో పడవ ఎక్కకుండా పెళ్లిచూపులు లేవు, పెద్దాసుపత్రి లేదు, కోర్టు వాయిదా లేదు. ఆ సంగతి ఈ పత్రిక చదివే పెద్దలకు నేను చెప్పనక్కరలేదు. చెప్పవలసింది ఆ పడవలను చేసినవారి గురించి.

నేను రాసిన లైసెన్సు రిజిస్టరులో గళ్లు ఇవి: యజమాని పేరు, తండ్రి పేరు, నివాసం, పడవ పొడవు, వెడల్పు, లోతు, ఎన్ని టన్నుల సరుకు, ఎంతమంది జనం, ఇంజను ఉంటే కంపెనీ పేరు, హార్స్ పవరు, నంబరు, చెల్లించిన రుసుము. ఇన్ని గళ్లున్న రిజిస్టరులో సదరు పడవను చేసినవాడి పేరుకు గడి లేదు. ఇంజను మీద ఇత్తడి బిళ్ల ఉంటుంది, దాని మీద కంపెనీ పేరు చెక్కి ఉంటుంది. ఇంజనును మోసే పడవ మీద యజమాని కూతురి పేరో, ఇలవేల్పు పేరో ఉంటుంది. వడ్రంగి పేరు ఎక్కడా కనబడదు.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. మన రాజోలు వైపునుంచి సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల మాధవాయిపాలెం రేవులో దిగినవారు మనలో వందలమంది. ఆ మాధవాయిపాలేన్నే ఇంగ్లీషువారు మడపోలం అని రాసుకున్నారు. పదిహేడో శతాబ్దంలో అక్కడ ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం ఉండేది. ఆ పేరుతోనే ఒక రకం నూలుగుడ్డ యూరపు అంతటా అమ్ముడుపోయింది. 1669 – 1679 మధ్య ఈ తీరంలో తిరిగిన థామస్ బౌరీ అనే ఓడ వర్తకుడు, నరసాపురం దగ్గర ఇంగ్లీషు వర్తకులు ఓడలు కట్టించుకొనేవారని రాశాడు. మంచి కలప, మంచి ఇనుము, నేర్పుగల పనివారు ఒక్కచోట దొరకడమే అందుకు కారణం. అడవి కలప వరద నీటి మీద తెప్పలుగా దిగివచ్చేది, సముద్రం పక్కనే ఉండేది. ఓడ చేయడానికి ఇంకేం కావాలి?

తరువాత వంతు కోరంగిది. గౌతమి పాయ ఒడ్డున ఉన్న ఆ రేవులో, కలకత్తా – ట్రింకోమలీల మధ్య మరెక్కడా లేనట్టుగా, పెద్ద ఓడలను మరమ్మతుకు ఎక్కించగల వసతి ఉండేది. 1802లో అక్కడ డాకు కట్టించినవాడి పేరు ఎబెనీజర్ రోబక్. ఆ పేరు గెజిటీర్లలో ఉంది. 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు కోరంగిని ముంచేశాయి. మొదటి ఉప్పెనలో సుమారు ఇరవై వేలమంది పోయారంటారు. తుఫానుకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1848 నాటి తన పుస్తకంలో ఆ ఉప్పెనను వర్ణించాడు. ఆ తరువాత పాయ పూడిపోయి, వ్యాపారం కాకినాడకు మళ్లింది. కాని కోరంగి పేరు మాత్రం సముద్రం దాటింది. బర్మాలో తెలుగువాడు ఎవడైనా ‘కోరంగి’యే! రేవు పోయినా పని పోలేదు. పక్కనే ఉన్న తాళ్లరేవులో చెక్క ఓడలు చేసే వృత్తి చాలాకాలం నిలిచింది.

1847 – 1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది. కాలువలు వచ్చాయి. కాటన్ దొరకు కాలువ అంటే సాగునీరే కాదు, బాట కూడా. లాకులు కట్టి కాలువలన్నిటినీ పడవలు నడిచేటట్టు చేశారు. కాకినాడలో ఎక్కించిన సరుకు ఏలూరు, బెజవాడల మీదుగా బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోయేది. మన మధ్య డెల్టాలో బొబ్బర్లంక తలుపుల దగ్గరనుంచి కొబ్బరికాయలు, ధాన్యం అన్నీ పడవల మీదనే. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడ, అదీ చాలకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద తాడు భుజాన వేసుకుని లాగడం. ఆ నడక వేగమే పడవ వేగం.

ఇక పడవ చేసే విధానం. ఇందులో కాగితం మీద నమూనా ఏదీ ఉండదు. మేస్త్రి ముందు అడుగు దూలం పరుస్తాడు. మొన ఎంత లేవాలో, కడుపు ఎంత వెడల్పు రావాలో తాడుతోనూ మూరతోనూ తేలుస్తాడు. పలకలకు టేకు, వంకర కొయ్యలకు తుమ్మ. సహజంగా వంగి పెరిగిన కొమ్మను ఎంచుకోవడమే అందులో సగం పని. ఎందుకంటే కోసి వంపు తెచ్చిన కొయ్య పీచు తెగి విరుగుతుంది, పుట్టుకతో వంగిన కొయ్య విరగదు. పలకను తడిపి, సెగ చూపించి, బరువులు వేసి మెల్లగా వంచుతారు. పలకల సందుల్లో నూలు కూరి, గుగ్గిలం నూనెలో కాచి పూస్తారు. ఎండాకాలంలో కాలువలు కట్టేయగానే పడవలన్నీ ఒడ్డుకెక్కేవి. అప్పుడు మేస్త్రి చిన్న సుత్తితో పలక పలకనూ కొట్టి చూసేవాడు. శబ్దం బట్టి పుచ్చిన పలక తెలిసిపోయేది. మా కార్యాలయంలో ఆ పడవకు ఇచ్చే ధ్రువపత్రం ఆ సుత్తి చప్పుడు మీదనే ఆధారపడిందని నేను ధైర్యంగా చెప్పగలను.

ఇంజను వచ్చాక ఈ చేతులకు కొత్త పరీక్ష వచ్చింది. అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ అనే మెకానిక్కు 1909లో పడవ వెనుక తగిలించే మోటారును అమ్మకానికి తెచ్చాడు. అక్కడినుంచి ప్రపంచమంతటా చిన్న పడవలకు కూడా మోటార్లు పాకాయి. మన దగ్గర పెద్ద లాంచీలకు డీజిలు ఇంజన్లు బిగించేవారు. పాత లారీ ఇంజనుకు కూడా ఆ గౌరవం దక్కేది. అయితే తెరచాపకు చేసిన పడవకు ఇంజను పెడితే ఏమవుతుంది? అదురుకు మేకులు వదులవుతాయి. బరువంతా ఒకచోట పడి అడుగు కుంగుతుంది. ఇరుసు పోవడానికి వెనుక కొయ్యకు రంధ్రం వేయాలి, అది వెంట్రుకవాసి పక్కకు పోయినా ఇంజను బతకదు. మన మేస్త్రీలు దీనికి మార్గం కనిపెట్టుకున్నారు. ఇంజను కింద పొడవాటి దూలాలు రెండు పరిచి బరువును పదిపన్నెండు వంకర కొయ్యల మీదికి పంచేవారు. ఇంజను నుంచి వెనుక కొయ్య దాకా దారం లాగి, దాని వెంట బరమా పట్టేవారు. వాళ్లకు ఇంజనీరింగు పట్టా లేదు, దారమే పట్టా.

వేగం సంగతి కూడా చెప్పాలి. ఇంజను పెద్దదైతే పడవ వేగం పెరుగుతుందని యజమానులు అనుకొనేవారు. ఒక హద్దు వరకే అది నిజం. నీటిని చీల్చుకుపోయే పడవ తన ముందు తానే ఒక కెరటం లేపుకుంటుంది. వేగం పెరిగినకొద్దీ ఆ కెరటం పొడవు పెరిగి, చివరకు పడవ తాను చేసిన గుంటలో తానే కూర్చుంటుంది. ఇంగ్లండులో విలియం ఫ్రౌడ్ అనే ఇంజనీరు పంతొమ్మిదో శతాబ్దంలో చిన్న నమూనా పడవలను నీటి తొట్టిలో లాగి ఈ లెక్కలు తేల్చాడు. ఆ లెక్కన ముప్పయ్యారు అడుగుల పడవ గంటకు సుమారు 15 కిలోమీటర్ల దగ్గర, అరవైనాలుగు అడుగుల లాంచీ 20 దగ్గర ఆగిపోతాయి. ఆ పైన ఇంజను ఎంత పెంచినా డీజిలే ఖర్చు. ఫ్రౌడ్ పేరు వినని మన మేస్త్రీలు ‘పడవ పొడుగు పెంచండి బాబూ, ఇంజను కాదు’ అనేవారు.

ఆ హద్దు దాటాలంటే పడవ నీటిని చీల్చడం మాని, నీటి మీదికి లేచి జారాలి. అందుకు అడుగు బల్లపరుపుగా, తేలికగా ఉండాలి. స్పీడు బోట్ల విద్య అంతా ఇదే. ఆ విద్యలో ఆరితేరినవారి పేర్లు ప్రపంచానికి బాగా తెలుసు. అమెరికాలో క్రిస్ స్మిత్ అనే పడవల మేస్త్రి, గార్ వుడ్ అనే ధనికుడు కలిసి చేసిన ‘మిస్ అమెరికా’ 1920లో హార్మ్స్‌వర్త్ పోటీ గెలిచింది. (గార్ వుడ్‌కు డబ్బు వచ్చింది లారీ తొట్టిని పైకెత్తే యంత్రం వల్ల. మన ఇసుక టిప్పర్లు చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.) ఇంగ్లండులో డోనాల్డ్ క్యాంప్‌బెల్ తన ‘బ్లూబర్డ్’ పడవతో రికార్డుల మీద రికార్డులు బద్దలుకొట్టి, 1967 జనవరి 4న ఆ పడవలోనే చనిపోయాడు. అన్నిటికంటె నాకు నచ్చిన మనిషి ఆస్ట్రేలియాకు చెందిన కెన్ వార్బీ. సిడ్నీలో తన ఇంటి పెరట్లో ఎక్కువభాగం కలపతో పడవ చేసి, సైన్యం వేలం వేసిన పాత జెట్ ఇంజను కొని తగిలించి, 1978 అక్టోబరు 8న గంటకు 511 కిలోమీటర్ల వేగంతో దాన్ని తానే నడిపాడు. ఆయన 2023లో కన్నుమూశాడు, రికార్డు మాత్రం చెక్కు చెదరలేదు. పెరట్లో పడవ చేసేవాడు మన తాళ్లరేవులోనూ ఉన్నాడు. వార్బీకి పేరు దక్కింది, మనవాడికి దక్కలేదు. తేడా పనితనంలో ఉందని నేననుకోను, రాసిపెట్టేవాడు ఉండటంలో ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక పెద్ద ఓడలకు విశాఖ కేంద్రమయింది. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూగారు నీటిలోకి వదిలారు. చిన్న పడవల విషయంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వారు 1979లో మద్రాసు కేంద్రంగా బంగాళాఖాత కార్యక్రమం మొదలుపెట్టి, అలల మీదుగా ఇసుక ఒడ్డుకు వచ్చి ఆగగల ఫైబరు పడవలను మన తీరంలో పరీక్షించారు. ఒడ్డు చేరేటప్పుడు నీటిలో తిరిగే రెక్కలు ఇసుకకు తగలకుండా, ఇంజనుతో సహా పైకి లేపే ఏర్పాటు వాటిలో ఉంది. మంచి ఆలోచన. ఆ నమూనాలు గీసిన విదేశీ నిపుణుల పేర్లు నివేదికల్లో ఉన్నాయి. ఫైబరు వచ్చాక టేకు, తుమ్మ వెనకబడ్డాయి, వాటితోపాటు సుత్తి చప్పుడు వినే చెవి కూడా వెనకబడింది.

మోటారు వల్ల మత్స్యకారులు తీరానికి దూరంగా పోగలిగారు. దూరం పోయినవాడు తిరిగిరావడం కూడా దూరమే. 1996 నవంబరు 6న కోనసీమను ఊడ్చేసిన తుఫాను వేయిమందికి పైగా ప్రాణాలు తీసింది. సముద్రంలో వేటకు పోయి తిరిగిరాని భైరవపాలెం వాసులు అందులో ఎందరో. మనలో చాలామందిమి ఆ వారమంతా కూలిన కొబ్బరిచెట్ల మధ్య లెక్కలు రాస్తూ గడిపినవాళ్లమే కనుక ఎక్కువ రాయను.

2002లో యానాం – ఎదుర్లంక వంతెన వచ్చి, బాలయోగిగారి పేరు పెట్టుకుంది. తక్కిన పాయల మీద కూడా వంతెనలు వచ్చాయి. రేవులు ఒక్కొక్కటే చిన్నబోయాయి. లాంచీలు పాపికొండల విహారయాత్రలకు మిగిలాయి. బాపుగారి ‘అందాల రాముడు’ 1973లో చూసి లాంచీ ప్రయాణం అంటే ఇదీ అని మురిసినవాళ్లం. తరువాతి కాలంలో లాంచీ మీద రెండో అంతస్తు, అద్దాలు, పాటలు వచ్చాయి. పడవ ఎత్తు పెరిగినకొద్దీ బరువు పైకి పోతుంది, పైకి పోయిన బరువు పక్కకు ఒరగడానికి కాచుకుని ఉంటుంది. పాతకాలపు మేస్త్రి ఎవరైనా మొదట చూసేది అదే.

2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర ‘రాయల్ వశిష్ఠ’ మునిగింది. యాభైమందికి పైగా పోయారు. పడవ రెండువందల అడుగుల దాకా లోతున ఉందన్నారు. పెద్ద పెద్ద సాధనాలు ఉన్నవారు వచ్చి చూశారు. చివరకు దాన్ని పైకి తెచ్చింది కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం. ఇనుప తాళ్లు, లంగర్లు, ఒడ్డున లాగే యంత్రం, విశాఖ నుంచి వచ్చిన గజ ఈతగాళ్లు, ఇంతే సరంజామా. తాళ్లు తెగాయి, పడవ ముక్కలు ముక్కలుగా ఊడివచ్చింది. అయినా వదలకుండా అక్టోబరు 22న ఒడ్డుకు లాగారు. అందులో మిగిలిన దేహాలు తమవారికి చేరాయి. నీటి కింద పడవ ఎటు ఒరిగి ఉంటుందో, తాడు ఎక్కడ పడితే కదులుతుందో లెక్క కట్టడం మన రేవుల్లో తరతరాలుగా ఉన్న విద్యే. ఆ నెలరోజులూ పత్రికల నిండా ధర్మాడి సత్యం పేరు చూసి, మన నీటి పనివాడి పేరు ఒకటైనా అచ్చయిందని అంత దుఃఖంలోనూ అనుకున్నాను.

ఇప్పుడు తీరంలో మెరైన్ పోలీసుల స్పీడు బోట్లు తిరుగుతున్నాయి. 2008 బొంబాయి దాడుల తరువాత కేంద్రం రాష్ట్రాలకిచ్చిన ఈ బోట్లను కలకత్తా, గోవా కార్ఖానాలు తయారుచేశాయి. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవల పందేలు పెడితే జనం విరగబడి చూశారు. కాలువ గట్టు మీద మళ్లీ అంత జనాన్ని చూడటం నాకు సంతోషమే.

సభ్యులకు ఒక మనవి. తాళ్లరేవు, కోరంగి, యానాం, బోడసకుర్రు, కోటిపల్లి, సఖినేటిపల్లి, నరసాపురం ఈ రేవుల్లో పడవలు, పంటులు, లాంచీలు చేసిన మేస్త్రీల పేర్లు మీకు గాని మీ ఇంటి పెద్దలకు గాని తెలిస్తే, పేరు, ఊరు, సుమారు ఏ కాలం, ఏ రకం పడవ చేశారో నాలుగు ముక్కలు రాసి సంఘ కార్యాలయానికి పంపండి. ఒక నోటుపుస్తకం కొని గళ్లు గీసి ఉంచాను. మొదటి గడి మేస్త్రి పేరుకు. యజమాని పేరుకు చివర్లో కొంచెం జాగా వదిలాను.