బందరు దారిలో మజిలీ ఎవరిది?

హయత్‌నగర్‌లో కుతుబ్‌షాహీల కాలపు మసీదు ఒకటుంది. 17వ శతాబ్దంలో హయాత్ బక్షీ బేగం పేరున వెలసింది. ఆవరణ చుట్టూ కమానుల గదులు వరుసగా ఉంటాయి. నమాజుకు వచ్చేవాళ్ల కోసం కాదు, బాటసారులు రాత్రి తల దాచుకోవడానికి కట్టిన సరాయి గదులవి. దగ్గర్లోనే పెద్ద బావి, జనం ఏనుగుబావి అంటారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట ఇటుగానే సాగేది. డచ్చివాళ్లూ ఇంగ్లీషువాళ్లూ బందరులో కొట్లు పెట్టుకున్నది ఆ శతాబ్దం మొదట్లోనే. వజ్రాలూ, అద్దకం బట్టలూ ఈ దారినే రేవుకు దిగేవి. ఎద్దు ఎంత దూరం నడవగలదో అంత దూరానికి నీళ్లు, మేత, నీడ ఉండాలి. లేకపోతే సరుకు కదలదు.

మా ఊరు అదే దారి మీద, నకిరేకల్‌కూ సూర్యాపేటకూ మధ్య ఉంటుంది. ఇప్పుడు మా ఊరి బంచరాయిలో, అంటే ఉమ్మడి మేత భూమిలో, కొంత నేల ఇమ్మని అడుగుతున్నారు. కార్లకు కరెంటు ఎక్కించే చార్జింగ్ స్టేషన్ పెడతారట. నేను హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషిని. పనిచేసిన కాలమంతా ఈ చుట్టుపక్కల స్తంభాల మీదే గడిచింది. అందుకని గ్రామసభలో అందరూ నావైపు చూశారు. ఆ రోజు అక్కడ చెప్పగలిగినంత చెప్పాను. చెప్పాల్సింది ఇంకా చాలా మిగిలింది, అందులో ఎక్కువ భాగం పాత సంగతులే.

దారిలో మజిలీ ఎంత పెద్ద విషయమో ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ చదివితే తెలుస్తుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో పల్లకీల్లో, పెద్ద పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటి ఏడు సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన రాసిందంతా మజిలీల లెక్కే అనిపిస్తుంది నాకు. ఏ ఊళ్లో సత్రముంది, ఎక్కడ నీళ్లు మంచివి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ బాట చెడిపోయింది, అన్నీ రాసిపెట్టాడు. ఆయన వచ్చింది కడప మీదుగా, మా బందరు దారిన కాదు. కానీ హైదరాబాదులో ఆగి ఉత్తరానికి సాగాడు గనుక నిజాం రాజ్యంలో అప్పటి ప్రయాణం ఎలా ఉండేదో ఆయన పుస్తకంలో దొరుకుతుంది. ఆగే చోటు సరిగ్గా లేకపోతే ఎంత ధనికుడి ప్రయాణమైనా ఆగిపోయేదే.

అయితే ఆ పుస్తకం దారిన పోయేవాళ్ల వైపు నుంచి రాసింది. దారి పక్కన బతికే ఊళ్లవాళ్లకు మజిలీ అంటే ఏమిటో మా ముసలివాళ్ల నోట విన్నాను. నిజాం పాలనలో అధికారి దౌరాకు వస్తే దారి పక్క ఊళ్లు వణికేవి. బండ్లు కట్టాలి, కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి, కోళ్లు, పాలు, గడ్డి తెచ్చివ్వాలి. ఒక్క పైసా రాదు. దాని పేరు వెట్టి. కులానికొక పని కట్టిపెట్టారు. మాదిగలు, చాకళ్లు, కుమ్మర్లు, గొల్లకుర్మలు, ఎవరి వాటా వాళ్లు మోశారు. లోపలి ఊళ్లకు అధికారి ఎప్పుడో ఒకసారి వస్తాడు. రోడ్డు పక్క ఊరికి రాకపోకలు ఆగవు. అందుకే బాట పక్క ఊరికి బరువెక్కువ అని మా తాత అనేవాడు. ఆంధ్రమహాసభ వెట్టిని ఎదిరించడం, 1946 జులై 4న కడవెండిలో కుర్మల బిడ్డ దొడ్డి కొమరయ్య నేలకొరగడం, తర్వాత నల్లగొండ జిల్లా అంతా లేచి నిలబడడం ఇక్కడివారికి నేను చెప్పనక్కర్లేదు.

1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ మొదలుపెట్టారు. 1958 జనవరి 11న అది ఏపీఎస్ ఆర్టీసీ అయింది. బస్సు వచ్చాక మజిలీ రూపం మారింది. ఎద్దుకు కావలసింది చెరువు నీళ్లు, గడ్డి, అవి ఊరి సొత్తు. బస్సుకు కావలసిన డీజిలు ఎక్కడినుంచో వస్తుంది. రోడ్డు మీద పట్టా భూమి ఉన్నవాళ్లు కలెక్టరు దగ్గర నిరభ్యంతర పత్రం తెచ్చుకుని బంకులు పెట్టుకున్నారు. ఊరికి నలుగురు కుర్రాళ్ల ఉద్యోగాలు మిగిలాయి. అయినా బస్సులు ఆగిన చోట చాయ్ కొట్లు, మిర్చి బండ్లు, పండ్ల బుట్టలు బతికాయి. 2012లో రోడ్డు నాలుగు వరుసలయింది. నడుమ డివైడర్ వచ్చింది, బైపాసులు వచ్చాయి, పంతంగి దగ్గరా కొర్లపహాడ్ దగ్గరా టోల్ గేట్లు లేచాయి. మా ఊరి చాయ్ కొట్లు మూడు మూతపడ్డాయి. బండ్లు ఆగడం మానలేదు, మా దగ్గర ఆగడం మానాయి. పెద్ద స్థలమున్న పెద్ద హోటళ్ల ముందు ఆగుతున్నాయి.

ఇక కరెంటు కథ. గ్రామసభలో ఒక రైతు లేచి అడిగాడు, “సారూ, ఈ కార్ల మిషను పెడితే మా బోర్ల మోటర్లు కాలిపోవా?” అని. నవ్వేసే ప్రశ్న కాదది. ఆ భయం వెనక నలభయ్యేళ్ల అనుభవముంది. బోర్లు పెరిగినంత వేగంగా లైన్లు పెరగలేదు. లో వోల్టేజీకి మోటర్లు కాలేవి. ట్రాన్స్‌ఫార్మర్ పోతే రైతులే చందాలు వేసుకుని, దాన్ని దించి, ట్రాక్టరు మీద రిపేరుకు మోసుకుపోయేవాళ్లు. ఎండుతున్న వరిని చూసి గట్టు మీద ఏడ్చిన మగవాళ్లను నేను చూశాను. చార్జీల పెంపును ఎదిరిస్తూ సాగిన ఉద్యమంలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. 2004 మే 14న ఉచిత కరెంటు సంతకం పడింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి 24 గంటల సరఫరా మొదలైంది. అంత కొట్లాడి తెచ్చుకున్న కరెంటులో ఇంకెవరో చెయ్యి పెడుతున్నారనిపిస్తే రైతుకు గుండె ఝల్లుమంటుంది.

అందుకే లెక్క చెప్పాను. 5 హెచ్‌పీ మోటరు 3.73 కిలోవాట్లు. తొందరగా ఎక్కించే చార్జర్ ఒకటి 60 కిలోవాట్లు అనుకుంటే అది 16 మోటర్ల లోడు. మన పొలాల్లో ఉండే 25 కేవీఏ డబ్బా దాని ముందు నిలవదు. కనుక స్టేషన్‌కు వేరే ట్రాన్స్‌ఫార్మర్ రావాల్సిందే. దాన్ని మన సేద్యం లైను మీద వేయకుండా సబ్‌స్టేషన్ నుంచి తగిన ఫీడరు మీద వేయాలని రాతపూర్వకంగా అడగాలి. అలా వేస్తే మోటర్లకు వచ్చే ముప్పేమీ లేదు.

గొల్లకుర్మల పెద్దమనిషి ప్రశ్న ఇంకో రకంది. “బంచరాయి పోతే జీవాలు యాడ మెయ్యాలె?” అన్నాడు. ఆ మాటకు గ్రామసభ నిశ్శబ్దమయింది. బంచరాయి ఊరందరిది. దాన్ని కొద్దికొద్దిగా కొరుక్కుతినడం ఈ దేశంలో ఎంత జరిగిందంటే, 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊళ్ల ఉమ్మడి భూములను కాపాడమని, ఆక్రమణలు తొలగించమని రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. నా అభిప్రాయం దాచను. మేత భూమి ఇవ్వకూడదు. సర్వీస్ రోడ్డు పక్కన, పాత చాయ్ కొట్లున్న చోట పంచాయతీకి చిన్న స్థలముంది. కార్లు ఆగడానికి అదే మేలు, అడవిపక్క బీడు కాదు.

స్టేషన్ వద్దని మాత్రం నేననను. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో హైవేలకు రెండువైపులా ప్రతి 25 కిలోమీటర్లకొకటి ఉండాలన్నారు. పాతకాలపు మజిలీ దూరానికి అది పెద్ద ఎక్కువేం కాదు. ఎక్కడో ఒకచోట వస్తుంది. మన దగ్గర రాకపోతే పక్క ఊళ్లో, ఎవరో ఒక భూస్వామి పట్టాలో వస్తుంది. వచ్చేది మన దగ్గరే అయితే ఎవరి చేతిలో ఉండాలన్నదే నా పట్టింపు.

2018 ఏప్రిల్ 13న ఇచ్చిన వివరణలో విద్యుత్ శాఖ ఒక పెద్ద తలుపు తెరిచింది. చార్జింగ్ అంటే కరెంటు అమ్మడం కాదు, సేవ చేయడం, కనుక 2003 విద్యుత్ చట్టం కింద లైసెన్సు అవసరం లేదని చెప్పింది. అంటే ఎవరైనా పెట్టవచ్చు. పెద్ద కంపెనీయే పెట్టాలని ఎక్కడా లేదు. మన రాష్ట్రంలో కొన్ని వ్యవసాయ సహకార సొసైటీలు ఇప్పటికే పెట్రోలు బంకులు నడుపుతున్నాయి. అంతకన్నా పెద్ద ఉదాహరణ సిరిసిల్ల. 1970లో అక్కడ వినియోగదారులే సభ్యులుగా సహకార విద్యుత్ సంఘం ఏర్పడింది. దేశంలో అలా మొదట ఎంచుకున్న అయిదింటిలో అదొకటి. సెస్ అని అందరూ పిలిచే ఆ సంఘం నేతన్నల మరమగ్గాలకూ రైతుల మోటర్లకూ కరెంటు అందించింది. ఊళ్లకు ఊళ్ల లైన్లే సహకార సంఘం నడపగలిగినప్పుడు రెండు చార్జర్లు నడపడం చేతకాదని మనమెందుకు అనుకోవాలి?

మన వ్యవసాయ సహకార సొసైటీకి అంత పెట్టుబడి లేదంటే కనీసం అద్దె సరిగ్గా రాయించుకోవాలి. 2022 జనవరి మార్గదర్శకాలు ప్రభుత్వ సంస్థల భూమిని యూనిట్‌కు రూపాయి వాటా మీద ఇచ్చే పద్ధతి చెప్పాయి. ఒప్పందం పదేళ్లకు. కారు అరగంట ఆగితే 60 కిలోవాట్ల చార్జరు మీద 30 యూనిట్లు ఎక్కుతాయి. రోజుకు పది కార్లు వస్తే 300 యూనిట్లు, అంటే నెలకు 9,000 రూపాయలు పంచాయతీకి. పెద్ద సొమ్మేం కాదు. కానీ నేల మన పేరునే ఉంటుంది, లెక్క మీటరులో కనిపిస్తుంది, పదేళ్ల తర్వాత మళ్లీ మాట్లాడుకోవచ్చు.

గ్రామసభలో అందరికన్నా మంచి మాట ఆటో నడిపే కుర్రాడు చెప్పాడు. అతని కరెంటు ఆటోకు ఏడెనిమిది యూనిట్లు చాలు. రాత్రి ఇంటి సాకెట్లో పెడితే ఇంటిల్లిపాదికీ ఫ్యాను తిరగదు. “హైదరాబాదు కార్లకు అరగంటల ఎక్కియ్యండి, మా ఆటోలకు రాత్రంత మెల్లగ ఎక్కే పాయింట్లు నాలుగు పెట్టుండ్రి” అన్నాడు. మెల్లగా ఎక్కించే పాయింటుకు ఖర్చూ తక్కువ, లోడూ తక్కువ. మహిళా సంఘం వాళ్లు చాయ్, జొన్నరొట్టె కొట్టు తమకే ఇవ్వాలన్నారు. అరగంట ఆగే బండి పెట్రోలు బండి కాదు, దిగి కూర్చుంటారు, తింటారు, మరుగుదొడ్డి అడుగుతారు. ఆడవాళ్లకు శుభ్రమైన మరుగుదొడ్డి ఉంటే ఆ మజిలీకి కార్లు వెతుక్కుంటూ వస్తాయి.

తీర్మానం ఇంకా రాయలేదు, వచ్చే గ్రామసభకు వాయిదా పడింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ రోజు ఇంటికొకరు కాదు, ఆడామగా అందరూ రండి. బంచరాయి ఇవ్వం, సర్వీస్ రోడ్డు పక్క స్థలం అద్దెకు మాత్రమే ఇస్తాం, ట్రాన్స్‌ఫార్మర్ వేరే ఉండాలి, యూనిట్‌కు రూపాయి పంచాయతీకి రావాలి, ఆటోలకు నాలుగు పాయింట్లు, కొట్టు మహిళా సంఘానికి. మొదట అడగాల్సింది మన సొసైటీనే, అది కాదంటేనే బయటివాళ్లను. ఈ మాటలన్నీ తీర్మానంలో అక్షరాలా పడేదాకా ఎవరూ వేలిముద్ర వేయకండి, సంతకం చేయకండి.