పార్టీ టికెట్టు, పార్టీ లేని ఓటరు: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల

ఒక పార్టీ తరఫున ఎవరు పోటీ చేయాలో తేల్చడానికి అసలు ఎన్నికకు ముందు జరిపే ఓటింగును ప్రైమరీ అంటారు. అందులో ఆ పార్టీవాళ్లే ఓటెయ్యాలా, ఏ పార్టీకీ చెందని ఓటరుకూ చోటుండాలా అన్నది అమెరికాలో నూరేళ్లు దాటిన తగాదా. ఈ మూడు నియోజకవర్గాలున్న కడప జిల్లాలో దాని స్థానంలో ఉన్నది టికెట్టు పంచాయితీ. అది జరిగేది అధినేత ఇంట్లో. ఓటరుకు తెలిసేది జాబితా వచ్చాకే.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం 1903లో ప్రైమరీల చట్టం చేసింది. పార్టీ పెద్దల గదుల్లోంచి ఎంపికను బయటికి లాగడం దాని ఉద్దేశం. తరవాత తగాదా కోర్టులకెక్కింది. పార్టీ తనంతట తాను స్వతంత్ర ఓటర్లను పిలుచుకుంటానంటే రాష్ట్రం అడ్డుపడరాదని 1986లో సుప్రీంకోర్టు కనెక్టికట్ కేసులో చెప్పింది. పార్టీ వద్దంటున్నా బయటివాళ్లను దాని నెత్తిన రుద్దడం కుదరదని 2000లో కాలిఫోర్నియా కేసులో తేల్చింది. అంటే తలుపు తాళం పార్టీ చేతిలోనే ఉంది. కాలిఫోర్నియా ఓటర్లు 2010లో వేరే దారి పట్టారు: తొలి విడతలో అన్ని పార్టీలవాళ్లూ ఒకే బ్యాలెట్టుపై ఉంటారు, ఎవరైనా ఓటెయ్యవచ్చు, మొదటి ఇద్దరే తుది పోటీకి వెళతారు.

మన దేశంలో ఈ ప్రశ్న వేరేలా పుడుతుంది. ఓటరు జాబితాలో పార్టీ గడి లేదు. చట్టం కంటికి ప్రతి ఓటరూ స్వతంత్రుడే. పార్టీ గుర్తు దక్కాలంటే మాత్రం బీఫారం కావాలి. దానిపై సంతకం పార్టీ అధికారమిచ్చిన వ్యక్తిది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి నామినేషనును ఒక ఓటరు ప్రతిపాదిస్తే చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. పార్టీల్లో అంతర్గత ప్రజాస్వామ్యం ఉండాలని లా కమిషన్ 1999లోనే సిఫారసు చేసింది. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు రాహుల్ గాంధీ చొరవతో కాంగ్రెస్ కొద్ది స్థానాల్లో ప్రైమరీలు పెట్టినా, ఓటు హక్కు పార్టీవాళ్లకే ఇచ్చింది.

టికెట్టుకూ ఓటుకూ మధ్య దూరం ఎంతో పులివెందుల చూపించింది. వై.ఎస్.రాజశేఖరరెడ్డి 1978లో ఇక్కడ తొలిసారి గెలిచింది ఇందిరా కాంగ్రెస్ తరఫున కాదు, దాని ఎదుటి చీలికైన రెడ్డి కాంగ్రెస్ తరఫున. గెలిచాక ఇందిర వైపు చేరి, 1980లో మంత్రి అయ్యారు. 2009 సెప్టెంబరు 2న ఆయన మరణించాక భార్య విజయమ్మ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. అప్పుడు పోలింగే లేదు. 2010 నవంబరులో విజయమ్మ, ఆమె కొడుకు కాంగ్రెస్‌నూ పదవులనూ వదిలారు. 2011 మే ఉపఎన్నికలో కాంగ్రెస్ టికెట్టు రాజశేఖరరెడ్డి తమ్ముడు వివేకానందరెడ్డికి ఇచ్చింది. విజయమ్మ కొత్త పార్టీ వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తుపై నిలబడ్డారు. ఒకే ఇంటి వదినా మరుదుల్లో ఎవరన్నది మామూలుగా పార్టీ లోపల తేలే విషయం. ఆసారి అది నియోజకవర్గం మొత్తం ముందుకు వచ్చింది. విజయమ్మ 81 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. చట్టంలో ప్రైమరీ లేకున్నా, పార్టీ లేని ఓటరు ఆనాడు వారసత్వ తగాదా తీర్చాడు.

జమ్మలమడుగులో ఆ అవకాశం రాలేదు. పొన్నపురెడ్డి శివారెడ్డి, ఆయన తరవాత రామసుబ్బారెడ్డి తెలుగుదేశం తరఫున ఇక్కడ గెలుస్తూ వచ్చారు. 2004, 2009లలో కాంగ్రెస్ నుంచి, 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన ఆదినారాయణరెడ్డి తరవాత తెలుగుదేశంలో చేరి 2017లో మంత్రి అయ్యారు. దశాబ్దాల వైరి వర్గాలు ఒకే పార్టీ కిందికొచ్చాయి. 2019లో పార్టీ అధినేత చంద్రబాబు నాయుడు పంచాయితీ తీర్చి, అసెంబ్లీ రామసుబ్బారెడ్డికి, కడప ఎంపీ టికెట్టు ఆదినారాయణరెడ్డికి ఇచ్చారు. ఇద్దరూ ఓడారు. 2024 నాటికి రామసుబ్బారెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్‌లో, ఆదినారాయణరెడ్డి బీజేపీలో ఉన్నారు. జమ్మలమడుగులో తెలుగుదేశం ఇన్‌ఛార్జిగా అప్పుడు పనిచేస్తున్నది ఆదినారాయణరెడ్డి అన్న కొడుకు భూపేశ్ రెడ్డి. తెలుగుదేశం, బీజేపీల పొత్తులో సీటు బీజేపీకి, అంటే బాబాయికి పోయింది. భూపేశ్‌ను ఎంపీ పోటీకి పంపారు. బాబాయి గెలిచారు, అబ్బాయి ఓడారు.

ప్రొద్దుటూరు తెలుగుదేశంలో టికెట్టు చేతులు మారుతూ వచ్చింది. 2009లో మల్లేల లింగారెడ్డి గెలిచారు. 2014లో నంద్యాల వరదరాజులరెడ్డి, 2019లో మళ్లీ లింగారెడ్డి ఓడారు. 2024లో ఇన్‌ఛార్జిని పక్కనపెట్టి పార్టీ వరదరాజులరెడ్డినే నిలిపింది. 1985, 2004 మధ్య ఐదుసార్లు ఎమ్మెల్యే అయిన పెద్దాయన మరోసారి గెలిచారు.

ఆ ఎన్నికల ముందు తెలుగుదేశం రాష్ట్రమంతటా ఐవీఆర్‌ఎస్ సర్వేలు చేయించింది. ఫోన్ మోగుతుంది, రికార్డు చేసిన గొంతు పేర్లు చదువుతుంది, నచ్చినవాడికి ఒకటో రెండో నొక్కాలి. ఆ ఫోను కార్యకర్తకే రావాలని లేదు, ఎదుటి పార్టీవాడికీ రావచ్చు. వైఎస్సార్ కాంగ్రెస్ కూడా సర్వేల పేరు చెప్పే చాలాచోట్ల ఇన్‌ఛార్జిలను మార్చి, 2024 మార్చి 16న మొత్తం 175 పేర్లనూ పులివెందుల నియోజకవర్గంలోని ఇడుపులపాయలో చదివించింది.

బయటివాళ్లకు ఓటిస్తే ఎదుటి వర్గం గుంపుగా వచ్చి బలహీనుడిని నిలబెడుతుందన్న భయం అమెరికాలోనూ ఉంది. వర్గాల పట్టున్న ఈ మూడు చోట్ల దాన్ని కొట్టిపారేయలేం. దానికి మందు రహస్య బ్యాలెట్టు, ఎక్కువ మంది ఓటర్లు. ఇంగ్లండులోని టాట్నెస్‌లో 2009లో కన్సర్వేటివ్ పార్టీ నియోజకవర్గ ఓటర్లందరికీ తపాలా బ్యాలెట్లు పంపింది. దాదాపు నాలుగోవంతు మంది తిప్పి పంపారు. రాజకీయాలకు కొత్తయిన సారా వొలాస్టన్ అనే డాక్టరు నెగ్గారు, మరుసటి ఏడాది ఎంపీ అయ్యారు. ఖర్చుకు జడిసి పార్టీ ఆ పద్ధతిని పెద్దగా కొనసాగించలేదు.

ఇక్కడి పార్టీలు బయటి ఓటరును ఇప్పటికే అడుగుతున్నాయి, కాబట్టి అడగాలా వద్దా అన్న చర్చకు విలువ తక్కువ. లోపం లెక్కలో ఉంది. ఎందరికి ఫోన్లు వెళ్లాయో, ఎవరికి ఎన్ని మీటలు పడ్డాయో అధినేతకే తెలుస్తుంది. ఓడిన ఆశావహుడికి చూపించే కాగితం ఉండదు. ఆ అంకెలు బయటపెట్టమని పార్టీలను నిలదీసే చట్టం 2024 ఎన్నికల నాటికి లేదు.