వృత్తి చికిత్స యెవరికొఱకు?



ఈ ప్రసంగమున నేను చెప్పబూనినది ఒక వైద్యశాఖ చరిత్ర. ఇంగ్లీషున దానికి ఆక్యుపేషనల్ థెరపీ యని పేరు; తెలుగున వృత్తి చికిత్స యనుచున్నారు. పక్షవాతము వచ్చి చేయి పడిపోయినవారికిని, పుట్టుకతోనే కాలుసేతులు స్వాధీనములేని బిడ్డలకును, మనసు చెదిరినవారికిని తమ దినచర్యను తామే జరుపుకొనగల శక్తిని మరల కలిగించుట దీని లక్షణము. ఇందు మందు మ్రింగించుట లేదు, కోత కోయుట లేదు. రోగి చేయు పనియే ఔషధము. అట్లయినచో ఆ పని యే దేశపు పని? ఏ యింటి పని? ఈ ప్రశ్నను ఆ శాఖవారు చాలకాలము వేసికొనలేదు. వేసికొనినవారి కథయే నాకు చెప్పదగినదిగా తోచినది.

మొదట మాటను చూతము. వృత్తి యను పదము 'వృత్' ధాతువునుండి పుట్టినది. ఉండుట, మెలగుట అని దాని యర్థము. వర్తనము, ప్రవృత్తి, నివృత్తి దాని తోబుట్టువులు. కావున వృత్తి యనగా మనుష్యుడు బ్రదుకు తీరు. స్నానమాడుట, భుజించుట, పొలము పోవుట, పూజ సేయుట, మనుమనితో ఆడుకొనుట, అన్నియు దానిలోనివే. మన గ్రామములందు మాత్రము ఈ మాట కుంచించుకొనిపోయి, కులమువలన సంక్రమించిన పని యను అర్థమున స్థిరపడినది. కుమ్మరివృత్తి, చాకలివృత్తి యందుము. ఏ పని యెవరిదో పుట్టుకతోడనే నిర్ణయమైపోయిన చోట 'వృత్తి చికిత్స' యనగానే కుమ్మరికి సారెను, సాలెకు మగ్గమును మరల అప్పగించుట కాబోలునని తోచుట సహజము. శాఖ యుద్దేశము అది కాదు. నీవు ఏమి చేయగోరుచున్నావని రోగిని అడుగుట దాని మొదటి మెట్టు. ఇచ్చట పాత ధాత్వర్థమే మనకు తిన్నని దారి.

1917 మార్చి 15 మొదలు 17 వఱకు అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమునందలి క్లిఫ్టన్ స్ప్రింగ్స్ అను చిన్న యూర ఆరుగురు సమావేశమై ఈ శాఖకు తొలి సంఘమును స్థాపించిరి. వారిలో జార్జి బార్టన్ వాస్తుశిల్పి; క్షయవలనను, పక్షవాతమువలనను క్రుంగి, తోటపనియు వడ్రంగమును చేసి కోలుకొనినవాడు. ఆరుగురిలో మువ్వురు స్త్రీలు. అమెరికాలో స్త్రీలకు దేశమంతట ఓటు 1920 లోగాని రాలేదు. ఆ లెక్కను జూచిన ఇది చిన్న సంగతి కాదు. కాని ఆరుగురును తెల్లవారే. ఆ దినములలో ఆ దేశపు పెక్కు రాష్ట్రములందు నల్లవారికి బడి వేఱు, ఆసుపత్రి వేఱు. నల్లజాతి వృత్తిచికిత్సకులు తమకొక జాతీయ సంఘమును ఏర్పఱచుకొనునప్పటికి 1974 వచ్చినది. అనగా ఏబదియేడు సంవత్సరములు. వేఱు సంఘమేల యని కొందఱడుగుదురు. పంక్తిలో విస్తరి పడనివాడు వేఱుగా వంట చేసికొనినచో తప్పు వానిదా?

మన దేశమునకు ఈ విద్య వచ్చిన విధము వినదగినది. ఎలిజబెత్ లండీ యను అమెరికా స్త్రీ 1930 లో నింబ్‌కర్ వంశీయుని వివాహమాడి, కమలా నింబ్‌కర్ అను పేర ఈ దేశపుదయ్యెను. తరువాత ఫిలడెల్ఫియాలో ఈ విద్య నేర్చి వచ్చి, 1950 లో బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రియందు పాఠశాల తెఱచెను. ఆసియాఖండమున ఇదియే మొదటిది. 1952 లో ఇంగ్లండునందలి లివర్‌పూలున ప్రపంచ సమాఖ్య ఏర్పడినపుడు స్థాపక దేశములు పది. అందు భారతదేశ మొకటి. ఆసియానుండి మనతోపాటు ఇజ్రాయేలు మాత్రమే యుండెను. ఆఫ్రికానుండి దక్షిణాఫ్రికా తప్ప మఱియొకటి లేదు. అచ్చటను అప్పుడు ఏలిక తెల్లవారిది. లోకమంతటి పేర కూర్చుండిన సభ యైనను, లోకమున మిక్కిలి భాగము సభ వెలుపలనే యుండెను.

ఇందువలన నష్టమేమి యందురా? నష్టము రోగిదే. పాశ్చాత్య గ్రంథములందలి పరీక్షలు కుర్చీపై కూర్చుండుటను, చెంచాతో భుజించుటను, తొట్టిలో స్నానమాడుటను ఎఱుగును. నేలపై బాసిపట్లు వేసికొని కూర్చుండుట, చెంబుతో నీళ్లు పోసికొనుట, ధోవతి గోచీ దోపుట, అన్నము కలిపి ముద్ద చేయుట వాని కెఱుక లేవు. అట్టి కొలబద్దతో కొలిచిన మనవాడు ఉన్నదానికంటె ఎక్కువ అవిటివాడుగనో, తక్కువ అవిటివాడుగనో కనబడును.

మా గ్రామమున ఒక వృద్ధ రైతునకు పక్షవాతమువలన కుడిచేయి స్వాధీనము తప్పెను. పట్టణమున ఒక ఆసుపత్రివారు, ఎడమచేతితో చెంచా పట్టి తినుట నేర్చుకొమ్మని పంపివేసిరి. వైద్యదృష్టితో అది సరియే. ఆయన యింట తినెను గాని, పెండ్లిపంక్తికి పోవుట మానెను. ఎడమచేయి నోటికెత్తి నలుగురియెదుట కూర్చుండజాలక చుట్టముల యిండ్లకును పోవుట మానెను. ఏడాదికి ఒక వృత్తిచికిత్సకురాలు వచ్చెను. ఇరువదియైదేండ్ల పిల్ల. ఆమె మొదట చేతిని ముట్టలేదు. దేనికి మీ మనసు కొట్టుకొనుచున్నదని యడిగెను. పంక్తిభోజన మని ఆయన చెప్పెను. విస్తరిని ఎత్తుపీటపై నుంచి, కుడిమోచేతికి ప్రక్కన మఱియొక పీట ఆనించి, గట్టిగా కలిపిన అన్నమును చిన్న ముద్దలుగా ఎత్తుట ఆమె నేర్పెను. నాలుగు నెలలు పట్టినది. ఆయన మేనకోడలి పెండ్లిలో, అందఱి నడుమ, కుడిచేతితో భుజించుట నేను చూచితిని. ఆ పిల్ల మా యూరి పాలెపు బిడ్డ. ఆమె తాత ఆ యింటి గడప దాటి యెఱుగడు. ఆమెను నాడు ఆ పెండ్లికి పిలిచిరి; వచ్చి పంక్తిలోనే కూర్చుండెను.

ఈ కొఱతను పండితులు గుర్తించుటకు చాలకాలము పట్టినది. జపాను సంతతికి చెందిన కెనడావాడు మైకేల్ ఇవామా, జపానునందలి చికిత్సకులతో కలిసి ఆలోచించి, 2006 లో 'కావా' యను సిద్ధాంతమును గ్రంథరూపమున ప్రకటించెను. కావా యనగా జపాను భాషలో ఏఱు. పాశ్చాత్య సిద్ధాంతములు మనుష్యుని ఒంటరిగా నిలిపి, చుట్టునున్నదానిని అతడు జయించుటయే ఆరోగ్యమని యెంచినవనియు, తమవారు అట్లు బ్రదుకరనియు ఆయన వాదము. జీవితము ప్రవాహము, ఇరుగట్టులును అడుగును ఇల్లు, సంఘము, రాళ్లు కష్టములు, కొట్టుకొనివచ్చు దుంగలు మనిషి గుణములును కలిమిలేములును. దుంగ నీటికి అడ్డుపడనువచ్చును, రాతిని కదల్చనువచ్చును. వీని నడుమ నీరు పాఱు సందులే చికిత్సకుడు పనిచేయవలసిన తావులు. రాయి కదలనిచో గట్టును వెడల్పు చేయవచ్చును. కృష్ణయొడ్డున పెరిగినవాడను గనుక ఈ పోలిక నాకు వెంటనే పట్టువడినది. ఆ సంవత్సరముననే ప్రపంచ సమాఖ్యయు, తనకు అర్థవంతమైన పనులలో పాల్గొనుట ప్రతి మనుష్యుని హక్కని ప్రకటించెను.

గట్టు వెడల్పు చేయకున్న ఏమగునో చిత్తూరు సీమకు చేరువనున్న వెల్లూరున తెలిసినది. 1946 లో అచ్చటికి వచ్చిన ఆంగ్లేయ వైద్యుడు పాల్ బ్రాండు, కుష్ఠుచే వంగిపోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో సరిచేసెను. వ్రేళ్లు చక్కబడినవి, కాని ఆ రోగమున్నదన్న పేరు పోలేదు గనుక పని యిచ్చువారు లేరు, చేతులు బాగుపడినవి గనుక భిక్షయు తగ్గెను. అంతట ఆయన వారికి వడ్రంగము మొదలగు పనులు నేర్పు కేంద్రము నెలకొల్పవలసివచ్చెను. అచ్చటనే మేరీ వర్గీసు అను యువవైద్యురాలు 1954 లో మోటారు ప్రమాదమున నడుము క్రింద చచ్చుబడి, చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. 1966 లో వెల్లూరున తెఱచిన పునరావాస సంస్థ ఆమె కృషి ఫలము. చికిత్స పొందువాడొక జాతి, చేయువాడొక జాతి యను భేదము ఆ కుర్చీయెదుట నిలువలేదు.

చట్టములును వచ్చినవి. 1995 నాటి చట్టము ఏడు విధముల అంగవైకల్యములను గుర్తింపగా, 2016 నాటిది ఇరువదియొకటిని గుర్తించి, ప్రజలు వచ్చిపోవు భవనములు అందఱును ప్రవేశింప వీలుగా నుండవలెనని విధించినది. 2021 లో పార్లమెంటు చేసిన మఱియొక చట్టము వృత్తిచికిత్సకులను ఆరోగ్యవృత్తులలో చేర్చినది.

మా పంచాయితీ కచ్చేరికి అయిదు మెట్లున్నవి. ప్రక్కన వాలుదారి కట్టింపుమని నేనును ఆ వృద్ధరైతును చేవ్రాళ్లు చేసి అర్జీ పెట్టితిమి. ఆయన సంతకము కుడిచేతిదే, కొంచెము వంకరగా నున్నది. అర్జీ వచ్చు సభలో విచారణకు రానున్నది.